బోదురుకప్ప – అడవినాభి: తొలకరితో మేల్కొను రెండు జీవులు

తొలకరి జల్లు నేలను బాగుగా తడిపిన తరువాత మన పొలముల పక్క రెండు మార్పులు కనబడును. రాత్రివేళ కుంటలలోను, మడుగులలోను బోదురుకప్పల అరుపు మొదలగును. పగటివేళ కంచెల నడుమ, ముండ్లపొదల మొదట, అంతకుముందు ఏమియు లేని చోట, నేలను చీల్చుకొని ఒక లేత మొలక పైకివచ్చును. అది అడవినాభి. కొన్నిచోట్ల దీనిని పొత్తిదుంప యనియు, అగ్నిశిఖ యనియు పిలుతురు. కొద్దివారములలో అది పొదపైకి ప్రాకి, నిప్పుకణికలవంటి పూవులు పూయును.

ఒకటి జంతువు, మరొకటి మొక్క. ఐనను ఈ రెండింటి చరిత్రలో పోలిక గలదు. రెండును ఎండకాలము నేలలో దాగియుండి వానతో బయటకు వచ్చును. రెండును వ్యాపారుల కంటబడి, విచక్షణ లేని సేకరణకు గురియైనవి. ఒకదానిని కాపాడుటకు శాసనము అవసరమైనది. మరొకదానిని చేనిలో సాగుచేయుట మొదలైనది. ఎందువలన ఒక్కొక్కదానికి ఒక్కొక్క మార్గము కావలసివచ్చెనో తెలిసికొనిన యెడల, మన గట్టుమీద మిగిలిన వాటిని ఏవిధముగా నిలుపుకొనవలెనో కూడ తెలియును.

నేలలో నిద్ర

బోదురుకప్ప శాస్త్రీయనామము హోప్లోబాట్రాకస్ టైగరినస్. మన దేశపు కప్పలలో ఇది మిక్కిలి పెద్దవానిలో ఒకటి. బాగుగా ఎదిగినది 15 సెంటీమీటర్లకు మించి పొడవుండును. ఒళ్ళు ఆకుపచ్చ, గోధుమ రంగులు కలిసి, నడివీపున తరచు లేతరంగు చార యుండును. వానకాలమున జతకట్టు దినములలో మగకప్ప నిమ్మపండువలె పసుపురంగు దాల్చును. దాని గొంతుకు రెండు ప్రక్కల నీలిరంగు తిత్తులు ఉబ్బుచుండును. ఈ దృశ్యమును చూచి కొందరు ఇదేదో కొత్తరకము కప్ప యని భ్రమపడుట కలదు. ఆ దినములు గడచిన పిమ్మట రంగు మరల మామూలగును.

కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముద్వారా పీల్చుకొనును. అందువలన తేమ లేని చోట బ్రతుకజాలదు. నేల ఎండిపోవునప్పుడు గట్ల నెఱ్ఱెలలోను, బొరియలలోను, అడుగు బురదలోను చేరి కదలక మెదలక యుండి, వానకొఱకు వేచియుండును.

అడవినాభి శాస్త్రీయనామము గ్లోరియోసా సుపర్బా. దీని దుంప రెండు కొమ్ములుగా చీలి నాగలి ఆకారమున నుండును. సంస్కృతమున దీనిని లాంగలి యనుట ఇందువలననే, లాంగలమనగా నాగలి. ప్రతి కొమ్ము చివర ఒకే మొలకకన్ను ఉండును. ఎండకాలమున ఈ దుంప ఎండిన నేలలో నిద్రించి, తొలకరి తడికి మొలకెత్తును. ఆకు కొన సన్నని నులితీగగా మారి దొరికిన కొమ్మను చుట్టుకొనును. వానకాలము నడిమి నుండి పూత మొదలగును. పూవునకు ఆరు రేకులు. అవి పైకి వంగి, అంచులు అలలవలె ముడతలు పడియుండును. మొదట ఆకుపచ్చ కలసిన పసుపు, పిదప నారింజ, చివరకు ఎఱుపు రంగు వచ్చును. శీతకాలమున కాయ ముదిరిన తరువాత తీగ ఎండిపోయి, తిరిగి దుంప ఒక్కటే మిగులును.

ఇంతవరకు రెండింటి నడవడి ఒక్కటే. కాని ఒక భేదము గుర్తింపవలెను. కప్పగ్రుడ్లకు నిలువ నీరు కావలెను. నాభిదుంప నిలువ నీటిలో కుళ్ళిపోవును. కప్ప పల్లము కోరును. నాభి మెరక కోరును. పల్లమున మడుగు, మెరకన పొద, రెండును మిగిలిన పొలములోనే ఈ రెండు జీవులును నిలుచును.

కప్పవలన పొలమునకు లాభమెంత?

ఈ ప్రశ్న రైతులు తరచు వేయుదురు. దీనికి సమాధానము ఉన్నదున్నట్లు చెప్పవలెను.

బోదురుకప్ప నోటికి పట్టిన ప్రాణినెల్ల మ్రింగును. మిడతలు, కీచురాళ్ళు, గొంగళిపురుగులు, పెంకుపురుగులు, గట్లను బొక్కలు చేయు ఎండ్రకాయలు, చిన్న ఎలుకలు సైతము దీనికి ఆహారమే. దీని తోకకప్పలు మాంసాహారులు. నీటిలోని దోమపిల్లలను తినును. వరిమడిలో నుండు చిన్నజాతుల కప్పలు దుబ్బుల మొదట చేరు చిన్నపురుగులను ఏరి తినును. ఈ విధముగా పెద్దవి, చిన్నవి కలసి పగలు రేయి పనిచేయును. దీనికి కూలి లేదు, మందుఖర్చు లేదు.

అయితే బోదురుకప్ప మిత్రపురుగులను వదలిపెట్టదు. తనకంటె చిన్న కప్పలను కూడ తినును. చేపపిల్లల చెరువులో నష్టము కలిగించును. సుడిదోమ ఒక్కసారిగా ప్రబలినప్పుడు కప్పలే దానిని అణచివేయునని ఆశించుట సరికాదు. పురుగుల సంఖ్య హద్దు దాటకుండ ఎల్లప్పుడు అదుపులో నుంచు అనేక సహజ శత్రువులలో కప్ప ఒకటి. సాలెపురుగులు, తూనీగలు, పక్షులు, కప్పలు అన్నియు ఉన్న మడిలో మందుకొట్టవలసిన పర్యాయములు తగ్గును. ఒక్కొక్కటి తొలగినకొలది ఆ భారము రైతు జేబుపై పడును.

కాళ్ళ వ్యాపారము

కప్పకాళ్ళను రుచిగా తినువారు ఐరోపాలోను, అమెరికాలోను గలరు. గత శతాబ్దపు నడిమి కాలమునుండి మన దేశము ఈ కాళ్ళను గడ్డకట్టించి ఓడలపై పంపసాగెను. కేరళ, పశ్చిమ బెంగాలు మొదలగు రాష్ట్రములలో ఈ వ్యాపారము ముమ్మరముగా సాగెను. 1980 ప్రాంతమున ఏటా ఎగుమతియైన కాళ్ళ బరువు వేల టన్నులకు చేరెను. 1981లో అది 4,000 టన్నులు దాటెను. ఇది కాళ్ళ బరువు మాత్రమే. మిగిలిన శరీరమును పారవైచిరి.

ఈ వేటలో రెండు దోషములు గలవు. మొదటిది కాలము. కప్పలు సులభముగా దొరకునది తొలి వానల రాత్రులలో, అవి జతకట్టుటకు మడుగులకు చేరినప్పుడు. దీపపు వెలుగు కన్నులలో పడగా అవి కదలక నిలబడును, చేతితో పట్టుకొనవచ్చును. ఈ రీతిగా గ్రుడ్లు పెట్టక ముందే తల్లికప్పలు సంచులలోనికి చేరెను. రెండవది పరిమాణము. పెద్దకాళ్ళకు ధర హెచ్చు గనుక మిక్కిలి పెద్దవి, అనగా గ్రుడ్లు హెచ్చుగా పెట్టగలవి, ముందుగా పోయెను. బ్రతికియుండగనే కాళ్ళు కోయు క్రూరపద్ధతిపై కూడ ప్రజలలో నిరసన లేచెను.

విదేశీద్రవ్యము వచ్చుచున్నదను వాదమునకు ఎదురుగా, ఆ కప్పలు తినవలసిన పురుగులకొఱకు మనము పురుగుమందులపై ఎంత వెచ్చించుచున్నామను ప్రశ్న బయలుదేరెను. 1985లో అంతర్జాతీయ వన్యజీవి వ్యాపార ఒడంబడిక, అనగా సైటిస్, రెండవ అనుబంధములో బోదురుకప్పను చేర్చిరి. 1987లో భారత ప్రభుత్వము కప్పకాళ్ళ ఎగుమతిని నిషేధించెను. అటుపిమ్మట ఈ వ్యాపారము ఇండోనేషియా మొదలగు దేశములకు తరలిపోయెను. ఎగుమతి ఆగినను దొంగచాటు వేట పూర్తిగా పోలేదు. గోవాలో వానకాలపు కప్పల వేటను అరికట్టుటకు అటవీశాఖవారు ఇప్పటికిని కాపలా కాయవలసివచ్చుచున్నది.

దుంప వ్యాపారము

అడవినాభి దుంపలోను, గింజలోను కాల్చిసిన్ అను పదార్థము గలదు. కీళ్ళలో ఉప్పురాళ్ళు చేరి వాపు, పోటు కలిగించు గౌటు వ్యాధికి ఇది మందు. గుండెజబ్బు గలవారిలో కొందరికి తక్కువ మోతాదులో ఇచ్చుటకు 2023లో అమెరికా ఔషధ సంస్థ అనుమతించెను. మొక్కల ప్రజననములో కూడ దీని ఉపయోగము గొప్పది. 1937లో ఈ పదార్థముతో మొక్కల కణములలోని క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేయవచ్చునని కనుగొనిరి. నేడు అంగడిలో దొరకు గింజలేని పుచ్చకాయ ఈ విద్య ఫలమే.

ఇంత గిరాకి గల మొక్కను అడవులలోను, కంచెలలోను త్రవ్వి అమ్ముకొనుట సహజముగనే మొదలయ్యెను. దుంప త్రవ్వినచో మొక్క అంతటితో పోవును. గింజనుండి వచ్చిన మొక్క పూతకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. గింజ సులభముగా మొలకెత్తదు. కొన్ని నెలలు నిద్రావస్థలో నుండును. కాబట్టి ఒక పొదనుండి ఏటేటా దుంపలు త్రవ్వినచో ఆ పొద త్వరలోనే ఖాళీయగును.

ఒకదానికి శాసనము, మరొకదానికి సాగు

ఇచటనే రెండింటి దారులు వేరైనవి. కప్పకాళ్ళు కావలెనన్న కప్ప చావవలెను. నాభి విషయము అట్లుకాదు. కాయ కోసికొనినను దుంప నేలలో బ్రతికియుండి మరుసటి ఏడు మొలచును. గింజలోనే మందుపదార్థము సమృద్ధిగా నుండుటచే కొనువారికి దుంపకంటె గింజయే మేలైనది. ఈ సౌకర్యము వలననే నాభి పంటగా మారగలిగెను.

కప్పలను పెంచి అమ్మవచ్చును గదా యని కొందరనవచ్చును. కప్ప కదలు ఆహారమునే గుర్తించి పట్టును. దినదినము బ్రతికిన పురుగులను వేలకొలది సమకూర్చుట సామాన్యము కాదు. పైగా పెద్దకప్ప చిన్నకప్పను తినును. అడవిలో ఊరక దొరకు కప్పతో పెంచిన కప్ప ధరలో పోటీపడజాలదు. అందుచే దీనికి నిషేధమే మార్గమైనది.

తమిళనాడులో మూలనూరు, ధారాపురము, ఒట్టన్‌సత్రము, వేదారణ్యము ప్రాంతముల రైతులు నాభిని తోటపంటగా సాగుచేయుచున్నారు. నీరు నిలువని ఎఱ్ఱగరప నేలలు దీనికి అనుకూలము. జూన్, జూలై నెలలలో ఎకరమునకు సుమారు 1 టన్ను దుంప నాటుదురు. ఒక్కొక్క దుంప 50 గ్రాములకు తక్కువ కాకుండ, మొలకకన్ను విరుగకుండ చూడవలెను. కన్ను విరిగిన దుంప మొలవదు. తీగ ప్రాకుటకు ఆధారము కట్టవలెను. పూవులోని కీలము మొదటనే లంబకోణముగా ప్రక్కకు వంగి పుప్పొడికి దూరముగా నుండుటచే కాయ బాగుగా పట్టదు. కాబట్టి ఉదయపు వేళలలో కూలీలు పువ్వు పువ్వునకు చేతితో పుప్పొడి అంటింతురు. నాటిన 160 నుండి 180 దినములలో కాయలు కోతకు వచ్చును. ఎకరమునకు 80 నుండి 100 కిలోల గింజ రావచ్చును.

దీనినిబట్టి మన రైతులందరు నాభి వేయవలెనని చెప్పుట మా ఉద్దేశ్యము కాదు. నాటు దుంపకు పెట్టుబడి హెచ్చు. కూలి హెచ్చు. గింజధర ఒక ఏడు ఎక్కి మరొక ఏడు కూలిపోవును, కొనువారు కొద్దిమందియే. ముందుగా కొనుగోలు ఒప్పందము లేనిదే ఎవరును ఈ పంటకు దిగరాదు. దిగువారు అడవి దుంప కొనరాదు. సాగుచేసిన తోటనుండియే విత్తనపు దుంప తీసికొనవలెను. లేనిచో అడవిని కాపాడవలసిన పంటయే అడవిని ఖాళీ చేయును.

మందు, విషము ఒక్కటే

నాభి మొక్క అంతయు విషమే. దుంప, గింజ మరింత విషము. చిలగడదుంప యనియో, అడవిగడ్డ యనియో భ్రమపడి తిని ప్రాణములు పోగొట్టుకొనినవారు గలరు. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనములు మొదలగును. అవి తగ్గినట్లు కనబడినను ప్రమాదము తీరినట్లు కాదు. తరువాతి దినములలో మూత్రపిండములు, గుండె, రక్తము దెబ్బతినును. అందుచే నాటువైద్యముతో కాలయాపన చేయక, మిగిలిన దుంపముక్కతో సహా రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. కీళ్ళనొప్పులకు మంచిదని విని ఇంటిలో నూరి మ్రింగుట ఎన్నటికిని తగదు. మందునకు, చావునకు నడుమ మోతాదు భేదము బహుస్వల్పము. ఇది హిమాలయములలో పెరుగు వత్సనాభి కాదు. పేరు పోలినను అది వేరు మొక్క, దాని విషము కూడ వేరు.

పరాయినేలలో పగవారు

ఈ రెండింటిలో మరొక వింత పోలిక గలదు. అండమాను దీవులలో బోదురుకప్ప సహజముగా లేదు. చేపపిల్లలతోపాటు అక్కడికి చేరియుండునని నిపుణుల ఊహ. అచట అది విపరీతముగా పెరిగి, దాని తోకకప్పలు స్థానిక కప్పల పిల్లలను తినివేయుచున్నవి. అదేవిధముగా ఆస్ట్రేలియా తూర్పుతీరపు ఇసుకదిబ్బలలో అలంకారమునకు నాటిన నాభి కలుపుమొక్కగా వ్యాపించి, ఇతర మొక్కలను అణచివేయుచున్నది. స్వస్థలమున కాపాడదగినది పరాయిచోట బెడద కావచ్చును. కావున ఈ జీవులను ఒకచోటినుండి మరొకచోటికి తీసికొనిపోవుట సంరక్షణ కాదు. ఉన్నచోట ఉండనిచ్చుటయే సంరక్షణ.

నేటి ముప్పు

బోదురుకప్ప గాని, నాభి గాని ఈనాడు ప్రపంచమునుండి పూర్తిగా మాయమగు స్థితిలో లేవు. ఐనను నిశ్చింతగా నుండుటకు వీలులేదు. 2023లో ప్రకటింపబడిన ప్రపంచ పరిశీలన ప్రకారము, లెక్కించిన 8,000 పైచిలుకు ఉభయచర జాతులలో నూటికి 41 వంతులు అపాయస్థితిలో నున్నవి. వెన్నెముక గల జంతువులలో ఇంతగా దెబ్బతిన్న తరగతి మరొకటి లేదు. జాతి ఎక్కడనో బ్రతికియున్నను, మన ఊరి మడుగులో లేనిచో మన పొలమునకు ప్రయోజనము లేదు.

ముప్పు తెచ్చునది ఇప్పుడు ఎగుమతి వ్యాపారి కాదు. పొలమును వాడుకొను తీరు. కుంటలు పూడ్చుచున్నాము. గట్లను సన్నముగా చెక్కి, పొదలను తగులబెట్టి, మిగిలినదానిపై కలుపుమందు చల్లుచున్నాము. కప్పచర్మము నీటిని పీల్చునట్లే నీటిలోని మందును కూడ పీల్చును. తోకకప్పకు మడుగు తప్ప దిక్కు లేదు. ఎండోసల్ఫాన్ వంటి మందును 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసెను. ఐనను అనుమతి గల మందులను అవసరమునకు మించి వాడినప్పుడు కీడు తప్పదు.

ఊరటనిచ్చు సంగతి ఒకటి గలదు. బోదురుకప్ప ఒకేసారి వేలకొలది గ్రుడ్లు పెట్టును. రెండుమూడు దినములలో అవి పిల్లలగును. ఒకటి రెండు నెలలలో కాళ్ళు వచ్చి గట్టెక్కును. తొలి వానల తరువాత ఆ కొద్దికాలము మడుగును చెడగొట్టకున్న చాలును, కప్పలు మరల పెరుగును. నాభి అట్లు త్వరగా కోలుకొనదు. దానికి ఏండ్ల తరబడి ఓర్పు కావలెను.

రైతు సోదరులు చేయదగినవి

1. తొలకరినుండి రెండు నెలలపాటు పొలముపక్క కుంటలలో, మడుగులలో మందుడబ్బాలు, పిచికారి యంత్రములు కడుగరాదు. కడిగిన నీటిని నీటివనరులకు దూరముగా, పశువులు, పిల్లలు తిరుగని మెట్టనేలపై పోయవలెను.

2. పురుగు కనబడినంతనే మందు కొట్టరాదు. వరిలో కాండము తొలుచు పురుగునకు చదరపు మీటరుకు ఒక తల్లిపురుగు లేక ఒక గ్రుడ్ల సముదాయము, సుడిదోమకు పైరు తొలిదశలో దుబ్బుకు 10 నుండి 15, తరువాత 20 నుండి 25 పురుగులు కనబడిననే మందు వాడవలెను.

3. గట్లపై కలుపును కొడవలితో కోయవలెను. అన్ని గట్లను ఒకేసారి శుభ్రముచేయక, ఒకటి విడిచి ఒకటి చేసినచో కప్పలకు, సాలెపురుగులకు నీడ మిగులును.

4. కంచెలోని నాభిదుంపను త్రవ్వరాదు. కాయలు కోసినచో కొన్నిటిని తీగపైనే ముదురనిచ్చి గింజ రాలనీయవలెను. పశువులు కట్టు చోట, పిల్లలు ఆడు చోట మొలచినచో చేతికి తొడుగు వేసికొని తీసి, మనుషులు తిరుగని పొదలో నాటవలెను.

5. చేపపిల్లల చెరువు గలవారు కప్పలను చంపుటకు బదులు చుట్టును సన్నని వల కట్టుకొనవలెను.

గ్రామోద్యోగులు చేయదగినవి

జీవవైవిధ్య చట్టము (2002) ప్రకారము ప్రతి స్థానిక సంస్థయందును జీవవైవిధ్య యాజమాన్య సంఘము, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండవలెను. ఇది బీరువాలో దాచు కాగితము కాకూడదు. ఏ కుంటలో కప్పలు చేరుచున్నవి, ఏ కంచెలో నాభి పూయుచున్నది, వానకాలమున ఊరి పెద్దలతోను, పశువుల కాపరులతోను తిరిగి చూచి వ్రాయవలెను. పూడిక తీయు పనులు, గట్టు పనులు నిర్ణయించునప్పుడు ఆ రిజిస్టరును ముందుంచుకొనిన యెడల, కప్పలు చేరు కుంటలో పని వానలకు ముందే ముగించి, వానకాలమున దానిని కదపకుండ విడువవచ్చును. నాభిపూవు గల ఊళ్ళలో బడిపిల్లలకు ఆ మొక్కను చూపి, దుంప విషమని తెలుపవలెను. రాత్రివేళ దీపములతో కప్పలను పట్టువారు గాని, నాభిదుంపలను బస్తాలతో కొనువారు గాని వచ్చినచో అటవీశాఖ సిబ్బందికి తెలియజేయవలెను.

వానలు లేనప్పుడు కప్పను రోకటికి కట్టి, ఇంటింట నీరు పోయించి వాన కోరు ఆచారము మన పల్లెలలో గలదు. వానకును కప్పకును గల సంబంధమును మన పెద్దలు గుర్తించిరి. ఆ గుర్తింపు ఒక దినపు వేడుకతో ఆగక, ఊరికొక కుంట, చేనికొక పొద మిగుల్చుకొనుట వరకు సాగవలెను. ఇందుకు ప్రత్యేకముగా ధనము వెచ్చింపనక్కరలేదు. ఈ తొలకరికి ముందే మీ పొలములో ఏ మడుగును, ఏ గట్టును కదపకుండ విడువదలచితిరో ఇంటివారితోను, పక్క రైతుతోను మాట్లాడి నిర్ణయించుకొనుడు.